పేర్లు మిగిలిన రాగాలు

ఆర్మూర్,
21 జూన్ 1987

భోజన్న బావకు,

ఈ పొద్దున నువ్వు మా ఇంట్లో వదిలిపోయిన హార్మోనియం మూత మీద కోడి గుడ్డు పెట్టి పోయింది. అవ్వ దాన్ని తీయకుండా నన్ను పిలిచి చూపించింది. “సూడు, గీ పెట్టెకు దిక్కు లేదని కోడికి సుత ఎరుకయింది” అంది. నేను గుడ్డు తీసి అవ్వ చేతికిచ్చి మూత తుడిచాను.

నువ్వు సికింద్రాబాద్ వెళ్ళి పదహారు రోజులైంది. బైబిల్ కాలేజీలో మూడేళ్ళ చదువని భజన వాళ్ళందరికీ చెప్పావట. నాకు చెప్పలేదు. ముత్తవ్వ అత్త వేల్పూర్ నుంచి వచ్చి మా గడప మీద కూర్చుని ఏడ్చింది. “ఉన్న ఒక్క కొడుకు, గిట్ల జేసి పోయిండు. నువ్వే గాదె వానికి గా పుస్తకం ఇచ్చింది?” అని నన్ను అడిగింది. అవును, నేనే ఇచ్చాను. నిజామాబాద్ కాన్వెంట్లో పదో తరగతిలో నాకు బహుమతిగా వచ్చిన బైబిల్ అది. అందులో కొన్ని కీర్తనల పైన వాటిని ఏ రాగంలో పాడాలో రాసి ఉందని, ఆ రాగాలు ఇప్పుడు ఎవరికీ తెలియవని నీకు చెప్పాను. ఆ పేర్లు చూసి తిరిగి ఇస్తావనుకున్నాను. రెండేళ్ళు ఉంచుకున్నావు.

బాపు నీ పేరు ఎత్తడం లేదు. పొద్దంతా చేన్లో పసుపు విత్తనం వేయిస్తున్నాడు. శనివారం ఎంకటి వచ్చి భజనకు పెట్టె ఇమ్మని అడిగాడు. “నా డోలక్ ఒక్కటే ఎంతసేపు మొత్తుకుంటది పటేలా?” అన్నాడు. బాపు, “నా మేనల్లుడు సచ్చిండా, వాని పెట్టె పంచుకునెతందుకు?” అన్నాడు. ఎంకటి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఒక మాట రాయాలి. నేను పుట్టిన ఇరవై ఒకటో రోజున అత్త నా కాళ్ళకు వెండి కడియాలు తొడిగి, ఇది నా కోడలని అందరి ముందు అన్నది. దాని గురించి నువ్వు మనసు పాడు చేసుకోవద్దు. కాన్వెంట్లో పదేళ్ళు ఫాదర్లను దగ్గర నుంచి చూశాను. ఆ దారిన వెళ్ళినవాళ్ళకు వెనక ఎవరూ ఉండకూడదు. నాకు అర్థమైంది. నేను అడ్డు రాను.

వేళకు తిను.
గంగామణి


సికింద్రాబాద్,
12 జూలై 1987

గంగామణికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోడి గుడ్డు దగ్గర నవ్వాను. చివరికి వచ్చేసరికి నవ్వు పోయింది. అడ్డు రానని రాశావు. అంటే తప్పుకుంటున్నావనే కదా. నేను మతం మారితే నీకు ఇబ్బందని నాకు తెలుసు. మామకు ఇంకా ఇబ్బంది. నీకు ముందే చెప్పాల్సింది. చెబితే వద్దంటావేమోనన్న భయంతో చెప్పలేదు. నిన్ను బలవంతపెట్టే హక్కు నాకు లేదు.

ఇక్కడ గదికి నలుగురం. మిగతా ముగ్గురిదీ కోస్తా. నేను “జర ఉప్పు ఇయ్యి” అంటే చాలు, పళ్ళెం పక్కన పెట్టి నవ్వుతారు. ఇప్పుడు వాళ్ళూ ఉప్పు కావాలంటే జర అనే అడుగుతున్నారు. చాపెల్లో హార్మోనియం లేదు, ఆర్గన్ ఉంది. దాన్ని కాళ్ళతో తొక్కుతూ చేతులతో వాయించాలి. మొన్న ఆదివారం ఒక పాట మన శనివారం భజన నడకలో ఎత్తుకున్నాను. వెనక బెంచీ వాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. సంగీతం సార్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, “భోజన్నా, దేవుడు ఎక్కడికీ పారిపోడు, నెమ్మదిగా వాయించు” అన్నారు.

పెట్టెను ఊరికే ఉంచొద్దు. వాడకపోతే తిత్తి తోలు బిరుసెక్కి పగులుతుంది. రోజూ కాసేపు తీసి, నేను నేర్పిన ఆ నాలుగు పాటలూ వాయిస్తూ ఉండు. ప్రార్థనల్లో వాయించే ఆడవాళ్ళు ఎక్కడా దొరకడం లేదట. రేపు నేను నిలబడి మాట్లాడేటప్పుడు పెట్టె ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. నేను తిరిగి వచ్చేసరికి నీ చెయ్యి కుదురుకోవాలి.

మా అత్తకు, అదే మీ అవ్వకు, నా దండాలు. మామకు చెప్పినా వినడు, అయినా చెప్పు.

భోజన్న


ఆర్మూర్,
16 ఆగస్టు 1987

బావకు,

నీ ఉత్తరం గురించి చాలా రోజులు ఆలోచించాను. ప్రార్థనల్లో వాయించే ఆడవాళ్ళు కావాలని రాశావు. నేను చూసినంతలో అలా వాయించేది సిస్టర్లే. నన్ను కూడా మఠంలో చేరమంటున్నావని అర్థమైంది. నువ్వొక చోట, నేనొక చోట, ఇద్దరం దేవుడి పనిలోనే ఉంటే అత్తకు బాధ తగ్గుతుందని నీ ఉద్దేశం కావచ్చు.

పోయిన బుధవారం నిజామాబాద్ వెళ్ళి మా పెద్ద సిస్టర్‌ను కలిశాను. నీ పేరు చెప్పలేదు. మఠంలో చేరాలంటే ఏం కావాలని మాత్రం అడిగాను. ఆమె, “నువ్వు పదేళ్ళూ ప్రార్థనలో కిటికీలోంచి బయటికే చూసేదానివి. ఇప్పుడు నిన్ను దేవుడు పిలిచాడా, ఇంకెవరైనా పిలిచారా?” అంది. టీ తాగి బస్సెక్కాను.

నువ్వు మతం గురించి రాశావు. నాకు ఏ మతంతోనూ ఇబ్బంది లేదు. ఆ సంగతి నీకు తెలుసనుకున్నాను.

పెట్టె రోజూ తీస్తున్నాను. తలుపు దగ్గరికి వేసి, చప్పుడు తక్కువగా. నిన్న మూడో పాట అయ్యాక బయటి నుంచి బాపు గొంతు వినబడింది. “గా రెండో చరణం కాడ ఏలు జారుతున్నది నీది. వాడైతె గట్ల జారనిచ్చెటోడు కాదు” అన్నాడు. నేను తలుపు తీసేసరికి పశువుల కొట్టం వైపు వెళ్ళిపోతున్నాడు. ఎంకటి వచ్చిపోయాక నీ గురించి బాపు అన్న మొదటి మాట ఇదే. కోపంతో అన్నాడో కాదో తెలియలేదు.

వానలు ఎక్కువగా ఉన్నాయి. తడవకు.
గంగామణి


సికింద్రాబాద్,
27 సెప్టెంబర్ 1987

గంగామణికి,

నీ ఉత్తరం నాకు అర్థం కాలేదు. మఠం మాట నేను ఎక్కడ రాశాను? అది నీ మనసులో ఉన్న మాటే అయి ఉండాలి. మతంతో ఇబ్బంది లేదంటావు. అయినా తప్పుకుంటానంటావు. మఠం గురించి అడిగి వచ్చానంటావు. ఈ మూడూ కలిపి చూస్తే మిగిలేది ఒక్కటే. అడ్డం నా మతం కాదు, నేను. దాన్ని మర్యాదగా రాశావు. సరే. ఇక ఆ సంగతి నేను ఎత్తను.

కానీ ఎందుకు వచ్చానో నీకు చెప్పాలి. నీ పుస్తకం వల్ల అని అందరూ అంటున్నారట. పుస్తకం వల్ల మొదలైన మాట నిజమే. పేర్లు మిగిలి రాగాలు పోవడం ఏమిటని రాత్రీ పగలూ ఆలోచించాను. అంతవరకు అది సంగీతం పిచ్చే. పోయిన ఏడాది డిసెంబర్‌లో నిజామాబాద్ దారిలో ఉన్న కుష్ఠు దవాఖానలో పండుగ ప్రార్థనకు వాయించేవాడు లేడని నన్ను పిలిచారు. కూలికి వాయించినట్టే వెళ్ళాను. నా సంగతి నీకు తెలుసు. తాళం తప్పితే ఎంకటినైనా సరే, పదిమందిలో తిట్టేవాణ్ణి. అక్కడ పాడేవాళ్ళకు వేళ్ళు లేవు. మణికట్లు ఒకదానికొకటి తాటించి తాళం వేస్తున్నారు. ఆ దెబ్బ ఎప్పుడూ ఆలస్యంగానే పడుతుంది. మొదటి పాటకు చిరాకు పడ్డాను. రెండో పాటలో, ఎందుకో తెలియదు, నా నడకే తగ్గించి వాళ్ళ దెబ్బ కోసం ఆగాను. వాళ్ళు వేసే వరకు వేలు కదపలేదు. పదహారేళ్ళుగా వాయిస్తున్నాను. మనిషి కోసం ఆగడం అదే మొదలు. నాకోసం కూడా ఎవరో అలాగే ఆగి ఉన్నారనిపించింది. అంతకంటే చెప్పడం నాకు రాదు.

ఇక్కడ దాన్నే చెప్పడం నేర్పుతారనుకున్నాను. ఇంకా రాలేదు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కరే ఎలా అవుతారో రాయమని పరీక్షలో అడిగారు. శ్రుతి, రాగం, తాళం మూడూ ఒకే పాట, అయినా ఒకటి ఇంకొకటి కాదని రెండు పేజీలు రాశాను. సార్ పదికి మూడు మార్కులు వేసి, “వినడానికి బాగుంది, జవాబు కాదు” అని రాశారు.

భోజన్న


ఆర్మూర్,
22 నవంబర్ 1987

బావకు,

దవాఖాన సంగతి అవ్వకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. తర్వాత, “గా మాట మీ బాపుకు జెప్పి పోతె గీ లొల్లి గాకపోవు” అంది. నేను బాపుకు కూడా చదువుదామనుకున్నాను. ఉత్తరం పట్టుకుని పక్కన నిలబడితే, “బల్బు కింద నిలబడకు, నీడ పడుతది” అన్నాడు. లోపలికి వచ్చేశాను.

ఆ సంగతి ఎత్తనని రాశావు. నేనూ ఎత్తను. అయితే అడ్డం నువ్వని ఎందుకు అనుకున్నావో తెలియలేదు. నేను అలా అనలేదు. నువ్వు ఎంచుకున్నదానికి తగినట్టు ఉందామనే అనుకున్నాను.

ఇంటి సంగతులు. దసరా తర్వాత పెర్కిట్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. వాళ్ళు ఒకసారి వచ్చి చూసి వెళ్ళారు. అతను నన్ను ఏం చదువుతావని అడిగాడు. దొరికినదల్లా అన్నాను. బాపుకు బాగా నచ్చాడు. కార్తీకంలో మాట ఖాయం చేసుకోవడానికి మళ్ళీ వస్తామన్నారు. రాలేదు. సంబంధం తప్పిపోయింది.

బాపు ఆ కోపమంతా నీ మీద పెట్టుకున్నాడు. నిన్న నడిపయ్య చిన్నాయన వస్తే అతనితో, “దాని మేనబావ కిరస్తానంల కలిసిండని తెలిసి మొఖం సాటేసిండ్రు. వాడు పోయినోడు పోయిండు, పోతపోత నా బిడ్డ బతుకు మీద మన్ను వోసి పోయిండు” అన్నాడు. నేను లోపల బియ్యం ఏరుతున్నాను.

మీ దగ్గర చలి ఎలా ఉంది? అత్త నీకోసం గొంగడి తీసి పెట్టింది. ఎవరితో పంపాలో రాయి.

గంగామణి


సికింద్రాబాద్,
27 డిసెంబర్ 1987

గంగామణికి,

పెర్కిట్ సంగతి చదివి పండుగ పూట నాకు అన్నం సహించలేదు. నా వల్ల నీకు ఇలా జరుగుతుందని అనుకోలేదు. మామకు క్షమాపణ అడుగుతూ ఉత్తరం రాశాను. జవాబు రాదని తెలుసు. కావాలంటే నేనే పెర్కిట్ వెళ్ళి, నాకూ ఆ ఇంటికీ ఇక ఏ సంబంధమూ లేదని వాళ్ళకు చెప్పి వస్తాను. నీకు సమ్మతమేనా రాయి.

ఈ నెలంతా పాటలతోనే గడిచింది. సంగీతం సార్ చివరికి నాకు ఒక హార్మోనియం తెప్పించారు. ఇక్కడ నాకు కాస్త తోడుగా ఉన్నది మా సీనియర్ ధర్మయ్య. మన సిరికొండ వాడే. ఇరవయ్యో తేదీన అతని పెళ్ళికి వాయించాను. కాలేజీ పెద్దలంతా వచ్చారు. పెళ్ళికూతురు కూడా లేచి మాతో కలిసి పాడింది, మంచి గొంతు. జూన్‌లో అతను పాస్టర్‌గా భీమ్‌గల్ వైపు వెళ్తాడు. ఈలోగా అతను ఊరికి వచ్చిపోయేటప్పుడు గొంగడి అతనితో పంపితే చాలు, తొందర లేదు. చలి నాకు అలవాటైంది.

మీ అవ్వను అడిగానని చెప్పు.
భోజన్న


ఆర్మూర్,
4 జనవరి 1988

బావకు,

నువ్వు పెర్కిట్ వెళ్ళొద్దు. ఎవరికీ ఏమీ చెప్పొద్దు.

నీ ఉత్తరంలో ఒకటి అర్థం కాలేదు. ధర్మయ్యకు పెళ్ళి అయిందంటావు. జూన్‌లో పాస్టర్ అవుతాడంటావు. రెండూ ఎలా? చదువు మానేశాడా? మానేస్తే కాలేజీ పెద్దలు పెళ్ళికి ఎందుకు వచ్చారు? ఫాదర్ కాబోయేవాడు పెళ్ళి చేసుకుంటే మా కాన్వెంట్లో అతని పేరు కూడా పలకరు.

వెంటనే రాయి. ఇంకేమీ రాయలేకపోతున్నాను.

గంగామణి


సికింద్రాబాద్,
10 జనవరి 1988

గంగామణీ,

నీ ఉత్తరం చదివి మంచం మీద కూలబడ్డాను. గదిలో వాళ్ళు ఎవరు పోయారని అడిగారు. ఎవరూ పోలేదు, ఒక మనిషి దొరికిందన్నాను.

జూన్ నుంచి నువ్వు రాసిన ఉత్తరాలన్నీ వరసగా పరిచి మళ్ళీ చదివాను. వెనక ఎవరూ ఉండకూడదన్నావు. నన్ను ఫాదర్ అనుకున్నావు! మీ కాన్వెంట్ కాథలిక్కులది. వాళ్ళ ఫాదర్లకు పెళ్ళి లేదు. మాది ప్రొటెస్టెంట్ సంఘం. మా పాస్టర్లు పెళ్ళి చేసుకుంటారు, చేసుకోకపోతే సంఘం వాళ్ళే ఊరుకోరు. మా ప్రిన్సిపాల్ గారికి నలుగురు పిల్లలు. చిన్నవాడు ఆయన ప్రసంగం మొదలుపెట్టగానే నిద్రపోతాడు. ఈ రెండు సంఘాలకూ తేడా ఏమిటో మాకు ఆరు వారాలు పాఠం చెప్పారు. తారీఖులతో సహా కంఠతా పట్టాను. ఆ తేడా ఆర్మూర్‌లో మన ఇద్దరి మధ్య కూర్చుని ఉందని నాకు తట్టలేదు. నీకు చదువుంది కాబట్టి అన్నీ తెలుసనుకున్నాను.

నేను జూలైలో నేరుగా అడగాల్సింది. పెట్టె ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి అని రాశాను. ఎవరో ఒకరు కాదు. నువ్వు.

ఈ మాట రాసి సంతోషంగా ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు, ఆ అమ్మాయి నమ్ముతుందా అని. పాస్టర్ భార్య బాప్తిస్మం తీసుకున్నదై ఉండాలి. అది నియమం. నువ్వు నమ్ముతావో లేదో నిన్ను ఎప్పుడూ అడగలేదు. నాకు పుస్తకం ఇచ్చింది నువ్వు కాబట్టి, నీకు నాకంటే ముందే నమ్మకం ఉందని అనుకుంటూ వచ్చాను. ఇందులో కూడా పొరపాటు పడ్డానా?

రాయి గంగామణీ. ఏదైనా సరే, ఈసారి నాకు అర్థమయ్యేలా రాయి.

భోజన్న


ఆర్మూర్,
6 మార్చి 1988

బావకు,

ఎనిమిది వారాలుగా జవాబు రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. పసుపు ఉడికించడం నడుస్తోంది. ఊరంతా అదే వాసన. నా చేతులకు, ఈ కాగితానికి కూడా అంటింది. మరకలుంటే ఏమనుకోకు.

అర్థమయ్యేలా రాయమన్నావు. నాకు నమ్మకం లేదు. కాన్వెంట్లో పదేళ్ళు రోజుకు రెండుసార్లు మోకరించాను, గంట కొట్టేవారు కాబట్టి. ఇంటికి వచ్చాక అవ్వతో పోచమ్మకు బోనం తీసుకెళ్తాను, అవ్వ ఎత్తుకోమంటుంది కాబట్టి. రెండు చోట్లా నాకు ఏమీ వినిపించలేదు. ఆ పుస్తకంలో నాకు ఇష్టమైనది అందులోని తెలుగు, ఇంకా ఎవరికీ రాని ఆ రాగాల పేర్లు. నీకు ఇచ్చింది అందుకే. నువ్వు అందులో ఇంకేదో చూశావు. నాకు కనబడనిది నీకెలా కనబడిందా అని ఒక్కోసారి కోపం వస్తుంది.

కానీ దవాఖానలో నువ్వు వాళ్ళ దెబ్బ కోసం ఆగావని నమ్ముతాను. ఆ తర్వాత నువ్వు మునుపటి మనిషివి కావని నమ్ముతాను. అంతవరకే. అంతవరకు నమ్మినదాన్ని మీ వాళ్ళు ఏమంటారో ప్రిన్సిపాల్ గారిని అడుగు. బాప్తిస్మానికి నీళ్ళలో నిలబడి లేనిది ఉందని చెప్పలేను. నీకోసం కూడా చెప్పను. అలా చెప్పిన మనిషి పక్కన నిలబడి నువ్వు ప్రసంగం చేయలేవు. ఇది కాదనడం కాదు బావా. అవుననడం కూడా కాదేమో. నాకు తెలిసింది తెలిసినంతే రాస్తున్నాను.

నిన్న బాపుతో మాట్లాడాను. కళ్ళం దగ్గర ఆరబోసిన పసుపు కొమ్ములు తిరగేస్తున్నాడు. నేనూ ఒక పక్క నుంచి తిరగేస్తూ, భోజన్న బావకు పెళ్ళి చేసుకునే వీలుందట అన్నాను. తిరగేస్తూనే అడిగాడు. 

“ఫాదర్లకు పెండ్లెక్కడిదే?”

“ఆయన ఫాదర్ కాదు బాపూ, పాస్టర్.”

“ఏం ఫరకు?”

చెప్పాను. నువ్వు ఆరు వారాల్లో నేర్చుకున్న తేడా నేను రెండు నిమిషాల్లో చెప్పాను, తప్పులుండవచ్చు. అంతా విని, “వాడు నా అక్క కొడుకు. వాడు ఏ దేవునికి మొక్కినా నా అక్క కొడుకే. అది నేను ఓర్సుకుంట. గని పెర్కిట్ సంబంధం వాని వల్ల చెడ్డది. పదిమందిల నా మొఖం దించిండు. గది ఎట్ల మర్సిపోవాలె?” అన్నాడు. తర్వాత కొమ్ముల మీదికి వంగి నావైపు చూడలేదు.

అప్పుడే చెప్పేయాల్సింది. రేపు చెప్తాను. ముందు నీకు రాస్తున్నాను.

పెర్కిట్ వాళ్ళు నీ వల్ల ఆగిపోలేదు. వాళ్ళకు నీ సంగతి మొదటి రోజే తెలుసు, పట్టించుకోలేదు. సంబంధం వద్దని కార్తీకంలో వాళ్ళకు ఉత్తరం రాసి పోస్టు చేసింది నేను. పాస్టర్లకు పెళ్ళిళ్ళు అవుతాయని అప్పటికి నాకు తెలియదు.

గంగామణి